70 గంటల జాబితాలో బీహార్ అడుగున ఎందుకుంది, సిరిసిల్లను ఎక్కడ పెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తా, తప్పుంటే దిద్దు. హన్మకొండలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నావు. వారానికి ఎక్కువ గంటలు పని చేసేవాళ్లు ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో పోల్చడం నీ ప్రాజెక్టు. మన దేశంలో 51 శాతం మంది వారానికి 49 గంటలు, అంతకంటే ఎక్కువ పని చేస్తారని ఒకచోట చూశావు. 70 గంటలు దాటేవాళ్లు గుజరాత్‌లో 7.2 శాతం, బీహార్‌లో 1 శాతం దగ్గర అని ఇంకోచోట చూశావు. రెండిట్లో ఏది నిజం, బీహార్ వాళ్లు అంత తక్కువ పని చేస్తారా, మన వరంగల్, సిరిసిల్ల, జగిత్యాల ఈ లెక్కలో ఎక్కడుంటాయి, చట్టం మారితే ఈ శాతాలు మారతాయా అని అడిగావు.

రెండు అంకెలూ తప్పు కాదు. కానీ ఒకటి మూరతో కొలిచింది, ఇంకొకటి జానతో కొలిచింది. వాటిని పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే జవాబు రాదు. నేను ముప్పై ఏళ్లు కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి సర్వే షెడ్యూళ్లు, అంటే ప్రశ్నల కాగితాలు, నింపినవాణ్ని. పుస్తకంలో ఉన్నది మీ సార్లు చెప్తారు. ఆ అంకె గడప దగ్గర ఎట్లా పుడుతుందో నేను చెప్తాను.

2018 ఎండాకాలం. సిరిసిల్లలో బీవై నగర్ వైపు ఒక ఇల్లు. అంతకుముందు ఏడాదే పీఎల్ఎఫ్ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వం చేసే శ్రామిక శక్తి సర్వే, మొదలైంది. వారంలో ఏడు రోజులకూ రోజుకు ఎన్ని గంటలు పని చేశారో రాయాలి. ఇది మాకు కొత్త. అంతకుముందు ఉద్యోగ సర్వేల్లో గంటలు లేవు, పూట లెక్కే. నాలుగు గంటలు, ఆపైన పని చేస్తే ఒక రోజు, గంట నుంచి నాలుగు గంటల లోపైతే అర రోజు. ఐదు గంటలు పత్తి ఏరిన మనిషీ, పన్నెండు గంటలు సాంచాలు (మరమగ్గాలు) నడిపిన మనిషీ మా కాగితం మీద ఒకటే. కాబట్టి 2017కు ముందు మన ప్రాంతంలో ఎంతమంది ఎక్కువ గంటలు పని చేసేవారో ఆ సర్వేల నుంచి తీయాలని చూడకు. అందులో లేదు.

సరే, ఆ ఇంట్లో నలభై ఏళ్ల మనిషి, సాంచాల కార్మికుడు. "వారానికి ఎన్ని గంటలు పని చేస్తరు?" అని అడిగాను. "ఏమో సారూ, రోజూ డ్యూటీయే" అన్నాడు. "డ్యూటీ అంటే ఎనిమిది గంటలేనా?" అన్నాను. "ఆఁ, గట్లనే రాసుకోండ్రి." రాసుకున్నాను. ఆరు రోజులు, 48 గంటలు. ఆ గల్లీలో ఇంకో ఇద్దరికీ అదే రాశాను. సాయంత్రం మా సూపర్‌వైజర్ షెడ్యూళ్లు తిరగేసి, "సాంచాలకాడ ఎనిమిది గంటలకే దిగుతరా? ఆయన చెప్పిండా, నువ్వు చెప్పినవా?" అన్నారు. నిజంగానే చెప్పింది నేను. ఆ కార్మికుడు తలూపాడు, అంతే.

తెల్లారి మళ్లీ పోయాను. ఈసారి వారం సంగతి అడగలేదు, నిన్నటి సంగతి అడిగాను.

"నిన్న ఎన్నింటికి ఎక్కిన్రు?"

"పొద్దున ఎనిమిదికి."

"దిగింది?"

"రాత్రి ఎనిమిదికి."

"నడుమ ఇంటికి రాలేదా?"

"బువ్వ పోరడు తెచ్చిండు సారూ. దారం తెగితె ఆ సాంచ ఆగుతది, ఆగితె పైసలు ఆగుతయి. ఒక కన్ను బువ్వ మీద, ఒక కన్ను సాంచల మీద."

అట్లా ఒక్కో రోజు వెనక్కి పోతే ఐదు రోజులు పన్నెండేసి గంటలు తేలాయి. ఒక రోజు బీము, అంటే మగ్గానికి ఎక్కించే నూలు చుట్ట, అయిపోయి, కొత్తది ఎక్కించేవరకు రెండు గంటలు షెడ్డులోనే కూర్చుని, ఆ తర్వాత ఐదు గంటలు నడిపి ఇంటికి వచ్చాడు. ఆ రెండు గంటలు పనా కాదా? అంతర్జాతీయ కార్మిక గణాంకాల సమావేశం 2008లో చేసిన తీర్మానం ప్రకారం పనే. పని చోట ఉండి, యంత్రం ఆగిపోయో సరుకు రాకో ఎదురుచూసిన సమయం పని గంటల్లోకే వస్తుంది. పని చోటికి పోయి వచ్చే సమయం రాదు, అన్నానికి తీసుకునే అసలైన విరామం రాదు. అట్లా ఆ రోజుకు ఏడు గంటలు. మొత్తం 67. అదే మనిషి, అదే వారం. నిన్న 48, ఇవాళ 67.

ఇది ఎందుకింత చెప్తున్నానంటే, గంటలు అనేది జనం నోట్లో ఉండే లెక్క కాదు. సాంచాల కార్మికుడికి లెక్క పిక్కుల్లో (నేసిన అడ్డపోగుల్లో) ఉంటుంది, బీడీ కార్మికురాలికి వేలల్లో, హమాలీకి బస్తాల్లో. గంటల్లోకి మార్చేది అడిగేవాడు. వాడు ఎట్లా అడిగాడన్న దాన్ని బట్టే సగం అంకె తయారవుతుంది. "సాధారణంగా ఎన్ని గంటలు" అని అడిగితే ఎనిమిదులూ పన్నెండులూ గుండ్రంగా వచ్చి పడతాయి. "పోయిన వారం రోజువారీగా" అని అడిగితే ఆరున్నరలు, తొమ్మిదిన్నరలు కూడా వస్తాయి. నువ్వు పోల్చే రెండు అంకెల వెనక ఏ ప్రశ్న ఉందో ముందు చూడు.

ఇక గీత సంగతి. "ఎక్కువ గంటలు" అంటే ఎన్ని? ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్లు 48 దాటితే అంటారు. ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి ఓఈసీడీ వాళ్ల గీత 50. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐఎల్ఓ కలిసి చేసిన అధ్యయనంలో గీత 55. వారానికి 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే 55, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని, 2016 ఒక్క ఏడాదిలో ఈ కారణంగా 7 లక్షల 45 వేల మంది చనిపోయారని అందులో అంచనా వేశారు.

48కి వందేళ్ల చరిత్ర ఉంది. 1919లో ఐఎల్ఓ మొట్టమొదటి ఒప్పందమే రోజుకు 8, వారానికి 48 గంటలు అన్నది. తమాషా ఏమిటంటే అదే ఒప్పందంలో బ్రిటిష్ ఇండియాకు వేరే నిబంధన పెట్టి 60 గంటలు ఖాయం చేశారు. మనకు 48 రావడానికి 1946 దాకా పట్టింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేద్కర్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 54 నుంచి 48కి దించారు. వరంగల్ అప్పటికి నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ సవరణ అక్కడి ఆజంజాహి బట్టల మిల్లు గేటు దాకా నేరుగా రాలేదనుకో, అది వేరే కథ. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ అదే 48 నిలిచింది, రోజుకు 9 మించకూడదని, మించితే రెట్టింపు కూలి ఇవ్వాలని అందులో ఉండేది.

మరి 70 ఎక్కడి నుంచి వచ్చింది? ఏ చట్టంలోంచీ రాలేదు, ఏ డాక్టరూ చెప్పలేదు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రకారు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటల మాట ఎత్తారు. ఆ గొడవ మీదే దేశమంతా 70 దాటేవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గీత ఎవరు గీశారో తెలిస్తే దాని మీద ఎంత నమ్మకం పెట్టాలో కూడా తెలుస్తుంది.

గీత కొద్దిగా జరిగినా ఊళ్లకు ఊళ్లు తారుమారవుతాయి, ఎందుకంటే పని గంటలు సమానంగా పరుచుకుని ఉండవు, కుప్పలుగా ఉంటాయి. సింగరేణి చూడు. భూపాలపల్లిలో గానీ గోదావరిఖనిలో గానీ ఆరు మస్టర్లు (హాజర్లు) పడితే ఆరెనిమిదులు 48. "48 దాటినవాళ్లు" అని లెక్కేస్తే ఆ కాలనీలో పర్మినెంట్ కార్మికుల్లో చాలామంది బయటే. "48, ఆపైన" అంటే మొత్తం లోపలికి వచ్చేస్తారు. ఆ వారం ఆదివారం ప్లే డే, అంటే సెలవు రోజు డ్యూటీ దొరికిందా, 56. ఇప్పుడు 55 గీత కూడా దాటేశారు. బొగ్గు బావి మారలేదు, మనిషి మారలేదు. అదే సాంచాల కార్మికుడిది పన్నెండారులు 72 దగ్గర కుప్ప. కాబట్టి 48 గీతకు సింగరేణి ఇటో అటో ఊగుతుంది, సిరిసిల్ల ఊగదు. 70 గీతకు సింగరేణి పత్తా ఉండదు, సిరిసిల్ల ఊగుతుంది. పూర్తి వారం నడిస్తే 72, ఒక్క రోజు బీము లేకపోతే 67.

అందుకే నీ ప్రాజెక్టులో ఒకే గీత పెట్టకు. 48, 55, 60, 70 నాలుగింటికీ శాతం తీసి ఒకే పట్టికలో వెయ్యి. ఒక ప్రాంతం నాలుగు గీతల దగ్గరా పైనే ఉంటే అప్పుడు అక్కడ గంటలు ఎక్కువ అను. గీతకొక ర్యాంకు వస్తే, చెప్పాల్సిన సంగతి ర్యాంకు కాదు, ఆ కుప్ప ఎక్కడుందన్నది.

సగటు తీసేసి సరిపెట్టుకుందాం అనిపిస్తుంది. వద్దు. 2024లో బాగా తిరిగిన ఐఎల్ఓ అంకెల్లోనే చూడు. మన దేశంలో వారానికి సగటు 46.7 గంటలు, 49 గంటలు ఆపైన పని చేసేవాళ్లు 51 శాతం. యూఏఈలో సగటు 50.9 గంటలు, కానీ 49 ఆపైన ఉన్నవాళ్లు 39 శాతమే. సగటు చూస్తే వాళ్లు ముందు, శాతం చూస్తే మనం ముందు. జగిత్యాలలో ఏ ఇంట్లో అడిగినా దుబాయ్ అంటే పన్నెండు గంటల డ్యూటీ అనే చెప్తారు, మరి ఇదేంటి? నాకు తోచిన కారణం చెప్తాను. అక్కడికి పోయేదే పనికి. రోజుకు మూడు గంటలు చేసి ఊరుకునేవాళ్లు దాదాపు ఉండరు, చట్టం 48 కాబట్టి చాలామంది సరిగ్గా ఆ 48 దగ్గరే ఆగుతారు. మన దగ్గర ఒక చివర సాంచాల కార్మికుడు, ఇంకో చివర పూటకు రెండు గంటలు బర్రెలు చూసుకునే ముసలాయన, ఇద్దరూ "పని చేసేవాళ్లే". ఆ ముసలాయన సగటును కిందికి లాగుతాడు. పై చివర కుప్ప మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ప్రపంచమంతా తీసినా ఇదే. కరోనాకు ముందు సగటు 43.9 గంటలు, చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. అందులోనే మూడో వంతు కంటే ఎక్కువ మంది 48 దాటినవాళ్లు, ఐదో వంతు మంది 35 కూడా లేనివాళ్లు.

ఇప్పుడు నువ్వు అడిగిన బీహార్. ఆ 7.2, 1 శాతం అంకెలు 2019 టైమ్ యూజ్ సర్వే మీద ఆధారపడి ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి నుంచి వచ్చిన పత్రంలోవి. ఆ సర్వేలో నేనూ తిరిగాను. అందులో అడిగేది వారం సంగతి కాదు. నిన్న తెల్లవారుజాము నాలుగు నుంచి ఇవాళ తెల్లవారుజాము నాలుగు వరకు, అరగంటకొక గడి చొప్పున ఏం చేశావో రాస్తాం. ఒక్క రోజు డైరీ. దాన్నుంచి వారం రావాలంటే పెంచి చెప్పాల్సిందే. రోజుకు పది గంటలు చేసినవాడు ఏడుతో గుణిస్తే 70. ఇంకో తేడా ఏమిటంటే, ఈ సర్వే వాడే వర్గీకరణలో పనికి పోయి వచ్చే ప్రయాణం కూడా ఉద్యోగం పద్దులోనే ఉంటుంది. జనగామ నుంచి రోజూ రైలెక్కి హైదరాబాద్ పోయి వచ్చే మనిషికి పీఎల్ఎఫ్ఎస్‌లో 48 వస్తే ఇక్కడ ఇంకో పాతిక గంటలు కలుస్తాయి. అందుకే 51 శాతం, 7.2 శాతం పక్కపక్కన పెట్టొద్దన్నాను.

కానీ గుజరాత్, బీహార్ రెండూ అదే సర్వేలోవే కదా అంటావు. నిజమే. అక్కడ ఇంకో మెలిక ఉంది. సర్వే ఎప్పుడూ మనిషిని వాడు ఉంటున్న చోట లెక్కపెడుతుంది. పుట్టిన చోట కాదు. సుల్తానాబాద్, పెద్దపల్లి, కరీంనగర్ వైపు రైస్ మిల్లులకు పో, వడ్ల సీజన్‌లో బస్తాలు మోసేది ఎక్కువగా బీహార్ హమాలీలే. పొద్దున లారీ వచ్చినప్పుడు మొదలై, రాత్రి చివరి లారీ పోయేవరకు. బీహార్‌లో అందరికంటే ఎక్కువ గంటలు పని చేసే వయసు మగవాళ్లు బీహార్ లెక్కలో లేరు. వాళ్లు సూరత్‌లో ఉన్నారు, లూధియానాలో ఉన్నారు, మన సుల్తానాబాద్‌లో ఉన్నారు. మిగిలింది చిన్న కమతాల వ్యవసాయం. అందులో రోజుకు పది గంటల పని ఏడాది పొడవునా ఉండదు. పని లేకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు.

మన జగిత్యాలకూ ఇదే జరుగుతుంది, కాకపోతే మనకు కనపడదు. ఆరు నెలలకు మించి బయట ఉన్న మనిషిని మేం ఆ ఇంటి షెడ్యూల్‌లో రాయం. గల్ఫ్‌లో పన్నెండు గంటలు సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడు జగిత్యాల శాతంలో ఉండడు. అతని భార్య ఉంటుంది. ఆమె బీడీలు చుడుతుంది.

ఆమె సంగతి చెప్పాలి. కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో, అదే 2019లో. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకు. నేను గంటలడిగితే నవ్వింది. "గంటలెక్కడివి సారూ, వెయ్యి అయితె వెయ్యి, ఎనిమిది నూర్లయితె ఎనిమిది నూర్లు." కూలి వెయ్యికింత అని ఇస్తారు కాబట్టి ఆమెకు రోజు అంటే వెయ్యి. చేతులు ఆగడం లేదు, మాట్లాడుతూనే ఆకు కత్తిరిస్తోంది. తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టి పక్కన పడేస్తోంది. ఇరవై ఐదయితే ఒక కట్ట. నడుమ లేచి పొయ్యి మీద పప్పు చూసింది. పిల్లకు జడ వేసింది. మళ్లీ కూర్చుంది. డైరీలో ఒక్క అరగంట గడిలో మూడు పనులు. ఏది ముఖ్యమైనది అని ఆమెను అడిగి రాయాలి. ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. కాకపోవడంలో తప్పేమీ లేదు.

అట్లా ఏరి ఏరి రాస్తే ఆ రోజు బీడీలకు ఏడు గంటలు వచ్చాయి. ఆరు రోజులనుకుంటే 42. ఏ గీత పెట్టినా ఆమె "ఎక్కువ గంటలు" పని చేసే మనిషి కాదు. కానీ 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని వచ్చింది, చేసే మగవాళ్లు 88. రోజుకు 289 అంటే వారానికి దాదాపు 34 గంటలు. ఆమె కూడా ఆ సగటు మనిషే అనుకుందాం. 42కు 34 కలుపు. 76. ఇప్పుడు ఆమె నారాయణమూర్తి గారి గీత కూడా దాటేసింది, ఆమెను ఎవరూ అడగకుండానే. నా అభిప్రాయం ఏమిటంటే, ఉత్తర తెలంగాణ మీద రాసే ఏ లెక్కలోనైనా నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి బీడీ ఊళ్లకు ఈ రెండో అంకె పక్కన వేయకపోతే ఆ పట్టిక అక్కరకు రాదు. కూలి గంటలు ఒక వరస, ఇంటి పని కలిపిన గంటలు ఇంకో వరస. రెండూ వెయ్యి.

ప్రాంతాల మధ్య తేడాలో పెద్ద భాగం పనుల మిశ్రమం వల్ల వస్తుంది. చిన్న ఊహాలెక్క వేసి చూపిస్తాను, నిజం అంకెలు కావు. రెండు మండలాలు అనుకో. రెండిట్లోనూ వ్యవసాయం చేసేవాళ్లలో వందకు పదిమంది 48 దాటుతారు, సాంచాలు నడిపేవాళ్లలో వందకు డెబ్బై మంది. మొదటి మండలంలో 60 శాతం వ్యవసాయం, 40 శాతం సాంచాలు. లెక్కేస్తే 6, 28 కలిపి 34 శాతం. రెండో మండలంలో 20, 80. లెక్కేస్తే 2, 56 కలిపి 58 శాతం. ఇక్కడి రైతు, అక్కడి రైతు ఒక్కటే. ఇక్కడి కార్మికుడు, అక్కడి కార్మికుడు ఒక్కటే. అయినా పట్టికలో ఒకటి 34, ఒకటి 58. చూసినవాడు రెండో మండలం జనం కష్టజీవులు అంటాడు. అందుకే రెండు ప్రాంతాలకూ ఒకే పనుల మిశ్రమం ఉందనుకుని మళ్లీ లెక్కేయాలి. దాన్ని స్టాండర్డైజేషన్ అంటారని నీకు తెలిసే ఉంటుంది. అప్పుడు మిగిలే తేడా చిన్నదే అయినా, ఆ చిన్నదే అసలైనది.

సొంత వ్యాపారం ఈ మిశ్రమంలో ఇంకో పెద్ద ముక్క. యూరోపియన్ యూనియన్‌లో 2023లో 49 గంటలు ఆపైన పని చేసినవాళ్లు 7.1 శాతమే. కానీ విడదీసి చూస్తే జీతగాళ్లలో 3.6 శాతం, సొంత పని చేసుకునేవాళ్లలో 29.3 శాతం. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల కిరాణా దుకాణాలు చూడు. పొద్దున ఆరుకు షట్టర్ లేస్తుంది, రాత్రి పదికి పడుతుంది. పదహారు గంటలా? మధ్యాహ్నం దుకాణంలోనే తిని, కుర్చీలోనే కునుకు తీసి, పేపర్ చదివి, మధ్యలో పది మందికి సరుకులు కట్టాడు. అడిగితే పదహారనే చెప్తాడు, అది అతనికి గొప్ప కూడా. పక్కనే జీతానికి ఉన్న కుర్రాడు పన్నెండు గంటలు నిలబడే ఉంటాడు. ఇద్దర్నీ ఒకే వరసలో వేసి శాతం తీయడం నాకెప్పుడూ నచ్చలేదు. వేరు చెయ్యి.

సీజన్ గురించి రెండు మాటలు. మిర్చి వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఎనుమాముల మార్కెట్లో హమాలీని, బస్తాలు తూచే దడువాయిని "పోయిన వారం" అడిగితే వచ్చే గంటలు వేరు, ఆగస్టులో అడిగితే వచ్చే గంటలు వేరు. ఎర్రగా మైదానం నిండా బస్తాలున్న వారంలో రాత్రి పొద్దుపోయేదాకా కాంటాలే. యార్డు ఖాళీగా ఉన్న వారంలో అదే మనిషి గంజి కోసం ఇంకో కూలికి పోతాడు. పీఎల్ఎఫ్ఎస్ ఏడాది పొడవునా నడుస్తుంది కాబట్టి అందులో ఇది సర్దుకుంటుంది. నువ్వు సొంతంగా సెలవుల్లో ఒక్క నెల తిరిగి చేసే సర్వేలో సర్దుకోదు. ఏ నెలలో అడిగావో పట్టిక మీదే రాసిపెట్టు.

చట్టం సంగతి కూడా అడిగావు. 2025 జులైలో మన ప్రభుత్వం దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు అనుమతిస్తూ జీవో ఇచ్చింది, వారానికి 48 మాత్రం అట్లాగే ఉంచింది. దాటితే ఓటీ కట్టాలి, అది మూడు నెలలకు 144 గంటలు మించకూడదు. దీనివల్ల వారం శాతాలు మారతాయా అంటే, కాగితం మీదైతే మారకూడదు. రోజు పొడుగు పెరిగి, రోజులు తగ్గాలి. బీడీలు చుట్టే ఇంటికీ సాంచాల షెడ్డుకూ ఈ జీవోతో పనే లేదు.

ఇక నువ్వేం చేయాలంటే, పీఎల్ఎఫ్ఎస్ యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో మనిషిదీ విడిగా ఉన్న వివరాలు, కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏడు రోజుల గంటలూ విడివిడిగా ఉంటాయి, కూడుకో. ఒకే రోజు రెండు పనులు రాసి ఉంటే రెండూ కలుపు, లేకపోతే పొద్దున పాలు పోసి పగలు ఆటో నడిపేవాడు సగమే కనిపిస్తాడు. మల్టిప్లయర్, అంటే సర్వేలో ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు లెక్కో చెప్పే అంకె, వాడటం మర్చిపోకు. ఆ వారం అసలు పనికి పోనివాళ్లను, అంటే జ్వరమో పెళ్లో ఉండి సున్నా గంటలు పడినవాళ్లను, శాతం తీసే హారంలో పెట్టావా తీశావా అన్నది ఒక్క వాక్యంలో చెప్పు.

జిల్లాల విషయంలో ఆశ తగ్గించుకో. 2025 జనవరి నుంచి సర్వేను జిల్లాను యూనిట్‌గా తీసుకుని చేస్తున్నారు, అది మంచిదే. అయినా ఒక చిన్న జిల్లాలో నీ చేతికి రెండు వందల మంది పనివాళ్లే వచ్చారనుకో, అందులో 40 శాతం 48 దాటారనుకో. ఆ 40 అన్నది మామూలు లెక్కన 33 నుంచి 47 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే ఊరు, ఒకే వాడ నుంచి కొన్నేసి ఇళ్లు తీస్తాం కాబట్టి ఆ వెడల్పు ఇంకా పెరుగుతుంది. ములుగు 38, జనగామ 42 అని రాసి జనగామ ముందుంది అంటే, వైవాలో అడిగేవాడు గట్టివాడైతే దొరికిపోతావు. జిల్లాలను పనిని బట్టి గుంపులు చెయ్యి. సాంచాల పట్టణాలు, బొగ్గు పట్టణాలు, బీడీ ఊళ్లు, పత్తి, వరి ఊళ్లు, వరంగల్ నగరం. రెండు మూడేళ్ల డేటా కలిపితే ఒక్కో గుంపుకు సరిపడా మనుషులు వస్తారు.

డేటాతో పాటు కనీసం ఇరవై ఇళ్లకు నువ్వే పో. నువ్వు పంపిన ప్రశ్నాపత్రంలో "వారానికి ఎన్ని గంటలు పని చేస్తారు?" అన్న ప్రశ్న ఉంది చూడు, దాన్ని కొట్టెయ్యి. దాని బదులు నిన్నటితో మొదలుపెట్టి వెనక్కి అడుగు. ఎన్నింటికి పోయారు, ఎన్నింటికి వచ్చారు, నడుమ ఏమైనా ఆగిందా. నోరు జారి నువ్వే "ఎనిమిదా?" అనకు.

సిరిసిల్లకు పోతే మాత్రం పొద్దున పది గంటలకు పోకు, సాంచాల చప్పుడులో నీ మాట వాళ్లకు వినపడదు, వాళ్ల మాట నీకు వినపడదు. రాత్రి ఎనిమిదికి షిఫ్టు మారేటప్పుడు షెడ్డు బయట చాయ్ బండి దగ్గర నిలబడు. ఎక్కేవాడికి తీరిక ఉండదు, దిగినవాడు ఒక చాయ్ తాగేంతసేపు నిలబడతాడు. ఆ చాయ్ పైసలు నువ్వే ఇవ్వు.